ఉమ్మడి బీడు మీద పద్దెనిమిది గుంతలు

జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతాల బంచరాయిలను, అంటే ఊరి పశువులన్నీ మేసే ఉమ్మడి బీళ్ళను, వాటిలో కాపరి పిల్లలు ఆడిన చిర్రగోనెనూ గోటీలాటనూ జీవితకాలం పరిశీలించిన ఆచార్యుని స్మృతికి ఈ వార్షికోపన్యాసం అంకితం. ఆట నియమం ముందు నేలలో పుడుతుందని, పుస్తకం దాన్ని తరవాత రాసుకుంటుందని ఆయన పట్టుదలగా వాదించేవారు. ఆ వాదాన్ని ఆయన ఎన్నడూ పట్టించుకోని ఆట మీద, సంపన్నుల విలాసంగా పేరుపడిన గోల్ఫ్ మీద, ప్రయోగించి చూడటం ఆయనకు తగిన నివాళి అవుతుందన్న నమ్మకంతో ఈ అంశం ఎంపికైంది.

గోల్ఫ్ మైదానాలన్నీ ఒక జాతివి కావు. ‘లింక్స్’ అనే పేరు అన్నిటికంటె పాత జాతిది. ఇది కలపడం అనే అర్థంలో వాడే ఇంగ్లిషు ‘లింక్’ కాదు; గట్టు, మిట్ట అనే అర్థం గల పాత ఇంగ్లిషు ‘హ్లింక్’ నుంచి వచ్చింది. సముద్రపు ఒడ్డుకూ సాగునేలకూ నడుమ గాలి పేర్చిన ఇసుక మిట్టల పట్టీకి స్కాట్లండ్ తూర్పు తీరంలో ఆ పేరు స్థిరపడింది. నాగలికి పనికిరాని ఆ దుబ్బనేల వాననీటిని నిమిషాల్లో పీల్చుకుంటుంది. పైన మొలిచే సన్నని గడ్డిని గొర్రెలూ కుందేళ్ళూ కొరికి చాపలా ఉంచుతాయి. అడుగు గట్టిగా ఉండటంవల్ల బంతి పడిన చోట ఆగక దూరం దొర్లుతుంది. చెట్టు లేదు కనుక గాలికి అడ్డు లేదు. అందువల్ల ఇక్కడి ఆటగాడు బంతిని ఆకాశానికి ఎత్తడు, గాలి కింద నుంచి నేలబారుగా కొట్టి, మిగతా దారి నేలకే అప్పగిస్తాడు. బంకర్ అనే ఇసుక గోతులు కూడా మొదట ఎవరో తవ్వించినవి కావు. ఈదురుగాలికి గొర్రెలు ఒదిగిన చోట గడ్డి చచ్చి, కుందేలు బొరియలు కూలి, గాలి ఇసుకను ఎత్తుకుపోగా ఏర్పడిన పల్లాలని సంప్రదాయం చెబుతుంది. జనగామ చెలకల్లో కురుమల మందలు ఒకే చోట రాత్రులు గడిపితే నేల ఎలా మారుతుందో చూసినవారికి ఈ మాట నమ్మశక్యంగానే ఉంటుంది.

రాజుల నిషేధాల కథ అందరికీ తెలిసినదే కనుక దాని మీద కాలం వెచ్చించనవసరం లేదు. 1457లో స్కాట్లండ్ రాజు రెండవ జేమ్స్ విలువిద్య సాధన చెడుతుందని గోల్ఫ్‌నూ కాలిబంతినీ నిషేధించాడు. 1471లో, 1491లో ఆ నిషేధం మళ్ళీ వెలువడింది. అది అమలు కాలేదని మాత్రమే వీటివల్ల రుజువవుతుంది. 1744లో లీత్ పట్టణ ఆటగాళ్ళు 13 నియమాలు రాశారు, 1754లో సెంట్ ఆండ్రూస్‌లో సంఘం ఏర్పడింది, 1834లో నాలుగవ విలియం దానికి ‘రాయల్’ బిరుదు ఇచ్చాడు. సంఘాల మినిట్స్ పుస్తకాలనే చరిత్ర అనుకునేవారికి ఇదంతా ముఖ్యం కావచ్చు.

అసలు చరిత్ర 1552 నాటి ఒక హక్కుపత్రంలో ఉంది. ఆ ఏడాది జనవరిలో సెంట్ ఆండ్రూస్ ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ ఊరివారితో ఒక ఒప్పందం చేసుకున్నాడు. లింక్స్ మీద కుందేళ్ళను పెంచుకునే హక్కు ఆయనకు దక్కింది. గోల్ఫ్, కాలిబంతి ఆడుకునే హక్కూ, పశువులను మేపుకునే హక్కూ ఊరివారికి అలాగే నిలిచాయి. గమనించవలసినదేమంటే, ఈ పత్రం ఆటను కొత్తగా ప్రసాదించలేదు. అంతకుముందే వాడుకలో ఉన్న హక్కును ఒప్పుకున్నది. కుందేలు, గొర్రె, బంతి అనే మూడింటికీ ఒకే నేలపై చోటు ఉందని రాతపూర్వకంగా అంగీకరించిన ఈ పత్రమే లింక్స్ ఆటకు నిజమైన రాజ్యాంగం.

ఆ రాజ్యాంగానికి గండం 1797లో వచ్చింది. అప్పుల్లో మునిగిన పట్టణ మండలి లింక్స్ నేలను అమ్ముకుంది. 1799లో అది డెంప్‌స్టర్లనే వర్తకుల చేతికి వచ్చింది. మాంసానికీ బొచ్చుకూ కుందేళ్ళను పెంచడం మొదలుపెట్టగా బొరియలతో నేలంతా జల్లెడ అయింది. ఊరివారు, ఆటగాళ్ళు కోర్టుకెక్కారు; వ్యాజ్యం ఎడిన్‌బరో న్యాయస్థానం నుంచి లండన్‌లోని ప్రభువుల సభ దాకా సాగింది; ఈలోగా కుందేళ్ళను చంపేవారికీ కాపాడేవారికీ మైదానం మీదే ఘర్షణలు జరిగాయి. 1821లో పొరుగు భూస్వామి, గోల్ఫ్ ఆటగాడు అయిన జేమ్స్ చీప్ ఆ నేలను కొనడంతో ఆట బతికింది. అయితే భూస్వామి దయ వేరు, హక్కు వేరు. 1894లో పార్లమెంటు చేసిన లింక్స్ చట్టంతోనే నేల తిరిగి పట్టణానికి దక్కింది. ఉమ్మడి నేలను అధికారంలో ఉన్నవారు అమ్మడం, ఊరు లేచి నిలవడం అనే ఈ క్రమాన్ని, దొరలను ఎదిరించిన దొడ్డి కొమరయ్య 1946లో కడవెండిలో నేలకొరిగిన జిల్లాలోని శ్రోతలకు విడమరచి చెప్పనవసరం లేదు.

ఇక బంతిని వేయవలసిన గుంతలు పద్దెనిమిదే ఎందుకన్న సంగతి. దానికి ఒక సీసాలోని మద్యం గుక్కలను కారణంగా చెప్పే కథ నిరాధారం. కారణం నేల ఆకారంలో ఉంది. సెంట్ ఆండ్రూస్ లింక్స్ సన్నని పట్టీ కనుక ఊరి నుంచి బయలుదేరి చివరి దాకా 11 గుంతలు ఆడి, వచ్చిన దారినే 10 గుంతలను మళ్ళీ ఆడుకుంటూ వచ్చి, ఊరి దగ్గరి ఇంటి గుంతతో ముగించేవారు. అంటే నేలలో ఉన్నవి 12 గుంతలే అయినా, ఆట 22 గుంతలది. 1764లో మొదటి నాలుగూ మరీ పొట్టిగా ఉన్నాయని వాటిని రెండుగా కలపగా వెళ్ళేటప్పుడు 9, వచ్చేటప్పుడు 9 మిగిలి 18 అయింది. అదే కాలంలో లీత్‌లో అయిదే గుంతలు. 1860లో బ్రిటిష్ ఓపెన్ మొదటి పోటీ జరిగిన ప్రెస్ట్‌విక్‌లో పన్నెండే. ఆటగాళ్ళు పెరిగి, ఎదురెదురుగా వచ్చేవారు ఒకే గుంత దగ్గర తారసపడటంతో గ్రీన్‌ను, అంటే గుంత చుట్టూ గడ్డిని అతి పొట్టిగా ఉంచే చదునును, వెడల్పు చేసి రెండు గుంతలు తవ్వారు. వెళ్ళేవారికి తెల్ల జెండా, వచ్చేవారికి ఎర్ర జెండా. నేటికీ అక్కడ ఏడు జంట గ్రీన్లు ఉన్నాయి, ఏ జంటలోనైనా రెండు గుంతల సంఖ్యలూ కలిపితే 18 వస్తుంది: రెండు పదహారు, మూడు పదిహేను, నాలుగు పద్నాలుగు, ఇలా ఎనిమిది పది దాకా. ఇది ఎవరి గణిత చమత్కారమూ కాదు. వెళ్ళిన దారినే తిరిగి వచ్చిన పాదాల గుర్తు.

సెంట్ ఆండ్రూస్ లింక్స్ మీది ఈ పాత మైదానాన్ని, అంటే ఓల్డ్ కోర్సును, గుంత వెంట గుంతగా నడిస్తే ఆ గుర్తు ప్రతిచోటా కనిపిస్తుంది. మొదటి గుంత పేరు బర్న్, అంటే వాగు: 376 గజాల దూరం, ఎదుట ఊరంత వెడల్పు పచ్చిక, గ్రీన్‌కు సరిగ్గా ముందు స్విల్కన్ వాగు. దీని పార్ నాలుగు, అంటే నిపుణుడు నాలుగు దెబ్బల్లో బంతిని గుంతలో వేయాలి. ఒకప్పుడు మొదటి గుంతకూ పదిహేడో గుంతకూ ఒకే గ్రీన్. 1870 ప్రాంతంలో మైదానపాలకుడు ఓల్డ్ టామ్ మోరిస్ మొదటిదానికి వేరే గ్రీన్ చేయడంతో, అంతకుముందు గడియారపు ముల్లు దిశలో సాగిన ఆటను ఎదురు దిశలోనూ ఆడటం సాధ్యమైంది. రెండవది డైక్, రాతిగోడ పేరు; మూడవది కార్ట్‌గేట్, సముద్రపు ఒడ్డుకు పోయే బండ్ల బాట పేరు; నాలుగవది జింజర్ బీర్, అక్కడ అల్లం పానీయం అమ్మిన బండి పేరు. గోడ, బాట, బండి అన్న పేర్లలోనే ఆ నేల ఎవరిదో తెలుస్తున్నది. అయిదవది పొడవైనది, పార్ అయిదు. ఆరవదానికి హెదర్ పొదల పేరు. ఏడవ గుంత వద్ద దారి మెలిక తిరిగి పదకొండో గుంత దారిని అడ్డంగా కోస్తుంది. ఎనిమిదవది పొట్టిది, ఒకే దెబ్బకు గ్రీన్ చేరేది. తొమ్మిదవది ఎండ్, అంటే కొస.

ఈ కొస దగ్గర ఆగి ఒక పాత వివాదాన్ని తేల్చుకోవలసి ఉంది. డచ్చి పరిశోధకుడు స్టీవెన్ వాన్ హెంగెల్ ఈ ఆట నెదర్లాండ్స్ నుంచి వచ్చిందనీ, 1297లోనే లోనెన్ అనే ఊళ్ళో ‘కోల్ఫ్’ ఆడారనీ రాశాడు. పేర్ల పోలికను, ఇరు తీరాల నడుమ సాగిన వర్తకాన్ని ఎవరూ కాదనరు. అయితే ఆ 1297 నాటి ఆటకు సమకాలిక పత్రం లేదు. పైగా ఆ కథనం ప్రకారమే అక్కడి లక్ష్యాలు భవనాల తలుపులు, నేలలోని గుంతలు కావు. దీన్ని ఆధారం చేసుకుని గుంతే గోల్ఫ్ లక్షణమని స్కాట్లండ్ పక్షంవారు విజయం ప్రకటించుకున్నారు. అది తొందరపాటు. చైనా ఆచార్యుడు లింగ్ హోంగ్‌లింగ్ 1991లో ముందుకు తెచ్చిన ‘చుయివాన్’ ఆటకు 1282 నాటి ‘వాన్ జింగ్’ అనే నియమగ్రంథమే ఉంది. అందులో కర్ర ఉంది, బంతి ఉంది, జెండా నాటిన గుంత కూడా ఉంది. గుంతే కొలబద్ద అయితే పందెం చైనాదే అవుతుంది. ఆ మాటకు వస్తే గోటీలాటకూ గుంత ఉంది, చిర్రగోనెకూ గుంత ఉంది. వీటిని చూపి గోల్ఫ్‌కు మూలం తెలుగునేల అని వాదించే ఉత్సాహవంతులూ లేకపోలేదు. ఆ ఆటల మీద ప్రేమ ఉన్నవారు వాటికి ఇలాంటి అరువు గౌరవం అంటగట్టకూడదు. చిర్రగోనె తనంతట తానుగా గొప్ప ఆట, అది మరొకదానికి తల్లి కానక్కరలేదు.

ఈ పక్షాలన్నీ చేసిన పొరపాటు ఒక్కటే: ఆటను పనిముట్లలో వెతకడం. చుయివాన్ తోటల్లో ఆడిన ఆట, కోల్ఫ్ వీధుల్లోనూ గడ్డకట్టిన నీటి మీదా ఆడిన ఆట. ఊరి అంచు నుంచి ఉమ్మడి బీడు చివరి దాకా వెళ్ళి, మేసే పశువులనూ ఎదురొచ్చే మనుషులనూ తప్పుకుంటూ, వెళ్ళిన దారినే ఇల్లు చేరడం అనే నడక వీటిలో దేనికీ లేదు. కర్ర ఎక్కడి నుంచైనా వచ్చి ఉండవచ్చు. ఆ నడక మాత్రం లింక్స్ నేల ఇచ్చినది. ఆచార్యులవారు ఉండి ఉంటే ఈ నిర్ణయాన్ని ఆమోదించేవారని నమ్మడానికి ఆయన రాతలే ఆధారం.

తిరుగు దారిలో పదవ గుంతకు అమెరికా ఆటగాడు బాబీ జోన్స్ పేరు. 1921లో ఆయన పదకొండో గుంత దగ్గరి బంకర్‌లో చిక్కి, విసిగి, పోటీ నుంచి తప్పుకున్నాడు; 1927లో అదే నేల మీద ఓపెన్ గెలిచాడు; 1958లో ఆ ఊరు ఆయనకు పౌర గౌరవం ఇచ్చింది. పన్నెండో గుంత దగ్గర బంకర్లు మొదటి దెబ్బ కొట్టేవాడికి కనిపించవు. అన్యాయమని నేటి ఆటగాళ్ళు విసుక్కునే ఈ గోతులు ఎదురు దిశలో ఆడిన కాలంలో స్పష్టంగా కనిపించేవి, కనుక ఇక్కడ నేల మోసం చేయలేదు, మనిషే దిశ మార్చాడు. పదమూడోది అయిదవ గుంతతో గ్రీన్ పంచుకుంటుంది. పద్నాలుగోది అన్నిటికంటె పొడవైనది. దాని నడుమ ‘హెల్’ అనే నరకపు గొయ్యిలో 1995లో అమెరికా ఆటగాడు జాక్ నిక్లాస్ నాలుగు దెబ్బలు పోగొట్టుకుని ఆ గుంతకు పది రాసుకున్నాడు. పదిహేను, పదహారు మళ్ళీ బండ్ల బాట, రాతిగోడ. పదిహేడోది రోడ్, 495 గజాలు: మొదటి దెబ్బ ఒకనాటి రైల్వే షెడ్ల స్థలం మీదుగా కొట్టాలి, గ్రీన్‌కు ముందు గోడలాంటి అంచు గల బంకర్, వెనుక నిజమైన రోడ్డు, దాని వెనుక రాతిగోడ, రోడ్డు మీద పడిన బంతిని రోడ్డు మీదనే కొట్టాలి. 1978లో జపాన్ ఆటగాడు నకజిమా ఆ బంకర్‌లో చిక్కి ఈ ఒక్క గుంతకు తొమ్మిది దెబ్బలు వెచ్చించాడు. పద్దెనిమిదోది ఓల్డ్ టామ్ పేరిట ఊరి గడపలో ముగుస్తుంది.

సమయం మించుతున్నందున భారతదేశపు ఘట్టాన్ని కొద్ది మాటలతో దాటక తప్పదు. 1829లో కలకత్తా క్లబ్బు ఏర్పడింది, బ్రిటిష్ దీవుల బయట అన్నిటికంటె పాతది అదే. విశాఖపట్నంలో 1884 నుంచి ఆట ఉంది, అయితే అక్కడి మైదానం సముద్రపు ఊళ్ళో ఉన్నా కొండల నడుమది, లింక్స్ కాదు. ఎండిపోయే నేలల్లో గ్రీన్లకు బదులు నూనె కలిపిన ఇసుకను చదును చేసి ‘బ్రౌన్లు’ అన్నారు. భారతదేశపు నేల ఈ ఆటకు నేర్పిన కొత్త పాఠం అదొక్కటే కావచ్చు. గోల్కొండ నయాఖిల్లా, 1656 నాటి మొగలు ముట్టడి తరవాత అబ్దుల్లా కుతుబ్‌షా కోటకు చేర్చిన ఆవరణ, నేడు గోల్ఫ్ మైదానం. అక్కడి పాత మసీదులకూ ‘హతియాన్ కా ఝాడ్’ అనే మహావృక్షానికీ సామాన్యుల రాకపోకల విషయమై వారసత్వ ప్రేమికులు లేవనెత్తిన అభ్యంతరాలు 1552 నాటి ప్రశ్నకు కొనసాగింపే. ఆట నేలలోకి రావడం తప్పు కాదు. నేల మీది పాత హక్కులు లెక్కలోంచి జారిపోవడమే తప్పు.

హైదరాబాదు మూలాలు గల తల్లిదండ్రులకు 1997లో కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల 2022లో ఓల్డ్ కోర్సు మీద జరిగిన 150వ ఓపెన్‌లో ఆడాడు, 2023 సెప్టెంబరులో అమెరికా పీజీఏ టూర్‌లో ఫోర్టినెట్ పోటీ గెలిచాడు. అదే 2023లో హోయ్‌లేక్ లింక్స్ మీద భారత ఆటగాడు శుభంకర్ శర్మ ఓపెన్‌లో ఎనిమిదో స్థానం పంచుకున్నాడు. వీరి గురించి వివరంగా చెప్పవలసినది మరొక సభకు మిగిలింది.

ఓల్డ్ కోర్సు ఇప్పటికీ మామూలు ఆదివారాల్లో ఆటకు మూసి ఉంటుంది. ఆ రోజు ఊరివారు కుక్కలను వెంటబెట్టుకుని మైదానమంతా తిరుగుతారు. మిగతా రోజుల్లో సైతం మొదటి గుంతకూ పద్దెనిమిదో గుంతకూ అడ్డంగా ‘గ్రానీ క్లార్క్స్ వైండ్’ అనే సందు సముద్రపు ఒడ్డుకు సాగుతుంది. దాని మీద రాకపోకల హక్కు ఊరిది; పిల్లలను తీసుకుని ఎవరైనా దాటుతున్నప్పుడు కర్ర ఎత్తిన ఆటగాడు దించి, వారు దాటేవరకు ఆగుతాడు.