గుర్తుంటుందిలే అనుకున్న మాట

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడూ ఈ సంచిక పని మొదలు కాగానే మేము ఆర్మూరులో ఇల్లిల్లూ తిరిగి వ్యాసాలు అడుగుతాము. రాయడం రాదనేవారు తక్కువ. "మొన్న మంచి సంగతి ఒకటి తట్టింది సాబ్, రాద్దామనుకునే లోపల పోయింది" అనేవారే ఎక్కువ. మొదట్లో ఇది తప్పించుకునే మాట అనుకునేవాళ్ళం. తర్వాత మా సంగతి మేము చూసుకుంటే నిజమేననిపించింది. అందుకని ఇవాళ ఆ పోయిన సంగతుల గురించే నాలుగు మాటలు మనవి చేస్తాము.

కాగితం, కలం ముందర పెట్టుకుని కూచున్నప్పుడు ఆలోచన రాదు. వజూ చేస్తుండగా వస్తుంది. పసుపు కొమ్ములు ఉడికే పొయ్యి దగ్గర కూచున్నవాడికి వస్తుంది. ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుట్టే తల్లికి వస్తుంది. అప్పుడు చేతులు ఖాళీగా ఉండవు. గుర్తుంటుందిలే అనుకుంటాము. అంతే, పోతుంది.

1959లో అమెరికాలో పీటర్సన్ దంపతులు ఒక పరీక్ష చేశారు. మనిషికి మూడు అక్షరాలు చెప్పి, వెంటనే ఒక పెద్ద అంకె ఇచ్చి, అక్కడినుంచి మూడు మూడు తగ్గిస్తూ పైకి లెక్కపెట్టమన్నారు. 18 సెకండ్లు గడిచేసరికి పదింట ఒకసారి కూడా ఆ అక్షరాలు సరిగా చెప్పడం కష్టమైంది. మార్కెట్ యార్డు ఎరిగినవారికి ఇది వింత కాదు. తూకం వేసే దడ్వాయిని మధ్యలో పలకరిస్తే లెక్క తప్పుతుంది. అందుకే తక్‌పట్టీ రాసిస్తారు. పట్టీ చేతికి రానిదే రైతు అక్కడినుంచి కదలడు. మనసులో మాటకు మాత్రం పట్టీ అక్కరలేదని మన ధీమా.

మనవాళ్ళకు ఇంకొక చిక్కుంది. ఇంట్లో మాట ఉర్దూ, బడిలో తెలుగూ ఉంటుంది. సంగతి ఉర్దూలో తడుతుంది. దానికి తెలుగు మాట వెతికే లోపల సంగతే జారిపోతుంది. తట్టిన భాషలోనే, వచ్చిన లిపిలోనే ముందు రాసి పడేయండి. తర్జుమా తర్వాత చేసుకోవచ్చు.

పెద్దలు దీనికి ఏం చేశారో చూడండి. ఇమామ్ బుఖారీ ఒకే రాత్రిలో దాదాపు ఇరవైసార్లు నిద్రలేచి, దీపం వెలిగించి, తట్టిన విషయం రాసుకుని, మళ్ళీ దీపం ఆర్పి పడుకునేవారని గ్రంథాలలో ఉంది. అంతటి జ్ఞాపకశక్తి కలవారే దీపం వెలిగించారు! మిర్జా గాలిబ్ పద్ధతి వేరు. రాత్రిపూట ఒక షేర్ పూర్తయితే నడుముకు కట్టుకున్న పట్టీకి ఒక ముడి వేసేవారట. అలా ఎనిమిది, పది ముళ్ళు వేసి నిద్రపోయి, తెల్లవారి తలచుకుని తలచుకుని అన్నీ రాసేవారని ఆయన శిష్యుడు హాలీ 1897లో అచ్చయిన 'యాద్గారె గాలిబ్'లో చెప్పారు. దీన్ని చూసి మనం కూడా ముళ్ళు వేద్దామంటే కుదరదు. షేరుకు కాఫియా, రదీఫ్ ఉంటాయి, అవి పట్టుకుంటే మిగతాది లాగవచ్చు. వచనానికి ఆ పట్టు లేదు. అయితే ఎన్ని వెతకాలో ఆ ముళ్ళు చెప్పాయి. అదీ తక్కువ సాయం కాదు.

అంత దూరం ఎందుకు, మన నిజామాబాద్ ఖిల్లా జైలు ఉంది కదా. 1948 ప్రాంతంలో అక్కడ ఖైదీగా ఉన్న దాశరథి కృష్ణమాచార్యకు కాగితం లేదు. పళ్ళు తోముకునే బొగ్గుతో గోడమీద పద్యాలు రాశారు. అవి నిజాం ప్రభుత్వాన్ని నిందించే పద్యాలు, దాచనక్కరలేదు. అదే దాశరథి తర్వాత 'గాలిబ్ గీతాలు' పేరుతో గాలిబును తెలుగువారి ఇళ్ళకు తెచ్చారు. జైలువాళ్ళు గోడ తుడిపేశారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి ఆ పద్యాలు కంఠస్థం చేసి కాపాడారని చెప్పుకుంటారు. ఆళ్వారుస్వామి ఇళ్ళల్లో వంటపని చేసి పైకొచ్చిన మనిషి, ఊరూరా పుస్తకాలు మోసి అమ్మిన మనిషి. 1949లో వచ్చిన 'అగ్నిధార'ను దాశరథి ఆయనకే అంకితమిచ్చారు.

ఈ కథలో కవి సంగతి అందరూ చెబుతారు. మాకు మాత్రం ఆళ్వారుస్వామే ముఖ్యుడు. చేతులు ఖాళీ లేనివారికి పక్కన ఇంకొకరు కావాలి. బీడీలు చుట్టే అమ్మీ ఒక సంగతి చెబితే, ఇంటర్ చదివే కూతురు నోటుబుక్కు తీయాలి. "ఆగు అమ్మీ, తర్వాత" అనకూడదు.

ఇది మేము చేసిన తప్పే గనుక చెబుతున్నాము. మా దాదీ తిరగలి తిప్పుతూ పాటలు పాడేది. సగం ఉర్దూ, సగం తెలుగు. ఏ పుస్తకంలోనూ మేము చూడలేదు. వచ్చే సెలవుల్లో రాసుకుంటాం దాదీ అని మూడేళ్ళు అన్నాము. నాలుగో ఏడు ఆమె లేదు. రాగం మిగిలింది, మొదటి రెండు చరణాలు మిగిలాయి. మూడో చరణంలో ఒక పెళ్ళికూతురి పేరు వస్తుంది. మా చెల్లెలు ఒక పేరంటుంది, మేము ఒక పేరంటాము. అడగడానికి మనిషి లేదు.

పోయినవన్నీ రత్నాలని మేము అనము. చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు, మరచిన ఆలోచన ఎప్పుడూ గొప్పగానే కనబడుతుంది. రాసి చూస్తేనే దాని విలువ తెలిసేది. రాసేటప్పుడు కూడా ఒక పూర్తి వాక్యం రాయండి. ఒకసారి మేము ఒక చీటీమీద 'ఆకు, మామూ, నవ్వు' అని గీసి పెట్టుకున్నాము. ఎన్నిసార్లు చూసినా అదేమిటో ఈనాటికీ తెలియలేదు. ఇప్పుడు అందరి జేబుల్లో ఫోన్లున్నాయి, బొత్తం నొక్కి చెప్పుకోవచ్చు. అయితే అలా చెప్పుకున్నది మళ్ళీ విని రాసినవారిని మేము ఇంకా చూడవలసి ఉంది.

ఈ ఉపన్యాసానికి నిజామాబాద్ నుంచి బస్సులో వస్తుండగా రెండు మంచి మాటలు తట్టాయి. ఒకటి టికెట్టు వెనక రాసుకున్నాము, ఆ తక్‌పట్టీ మాట అదే. రెండోది మామిడిపల్లి చౌరస్తా దాకా ఉండింది. అక్కడ ఎవరో సలాం చెప్పారు.

గుమ్మం దగ్గర బల్లమీద నోటుబుక్కులు పెట్టించాము. ఒక్కొక్కదానికి దారంతో పెన్సిలు కట్టించాము. పోయేటప్పుడు ఇంటికొకటి తీసుకుపోండి. ఖుదా హాఫిజ్.