సొరచేపకు వోచరు ఏదీ?

(మన సంఘం జరిపిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యమా అని మనం ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. కరువు భత్యం బకాయిల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ నా ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినవన్నీ చెప్పారు. కార్యదర్శి గారు నాకు "ఇంటర్నెట్ – పెద్దల పాత్ర" అనే అంశం ఇచ్చారు. అంత పెద్ద విషయం మీద మాట్లాడే అర్హత నాకు లేదు. అందుచేత సొరచేపల గురించి నాలుగు మాటలు చెబుతాను. నవ్వకండి. నేను ముప్పై మూడేళ్ళు ఆడిట్‌లో పనిచేసినవాణ్ణని మీకు తెలుసు. సొరచేపలను కూడా ఆడిట్ చేయవలసి వచ్చింది.

మా మనవరాలు ఎనిమిదో తరగతి. మా దగ్గరే ఉండి కాకినాడలో చదువుతోంది. సైన్సు టీచరు ప్రాజెక్టు ఇచ్చారు, సొరచేపల మీద పది పేజీలు, బొమ్మలతో సహా. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక మొదలుపెట్టింది. నేను కునుకు తీసి లేచేసరికి పూర్తయింది! "చూడు తాతయ్యా, ఎంత బాగా వచ్చిందో" అని తెచ్చి చేతిలో పెట్టింది. నిజంగానే చూడముచ్చటగా ఉంది. కానీ పాత అలవాటు పోదు కదా, చెయ్యి దానంతట అదే ఎర్ర పెన్సిలు కోసం వెతికింది.

రెండో పేజీలో "గ్రీన్‌లాండ్ సొర వయస్సు 512 సంవత్సరాలు" అని రాసి ఉంది. "ఎవరు లెక్కపెట్టారమ్మా?" అన్నాను. "నెట్‌లో ఉంది" అంది. "నెట్‌లో ఎవరు?" అన్నాను. మొహం చిన్నబుచ్చుకుంది. ఇద్దరం కంప్యూటరు ముందు కూర్చున్నాం. ఆ మాట రాసిన చోటు ఇంకో చోటును చూపించింది, అది మరొక పత్రికను చూపించింది. అలా ఒక్కొక్క మెట్టే దిగితే చివరికి 2016 ఆగస్టులో 'సైన్స్' పత్రికలో వచ్చిన అసలు వ్యాసం దొరికింది. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం వారి బృందం 28 ఆడ సొరల కంటి కటకాల్లోని కార్బన్‌ను పరీక్షించింది. అన్నిటికన్నా పెద్దదైన అయిదు మీటర్ల సొరకు వాళ్ళు కట్టిన అంచనా 392 ఏళ్ళు, దానికి అటూ ఇటూ 120. అంటే 272కు తగ్గకుండా, 512కు మించకుండా ఎక్కడైనా ఉండవచ్చునని. 272 ఏళ్ళు బతికినా వెన్నెముక ఉన్న జంతువులన్నిటిలోనూ అదే దీర్ఘాయుష్షు గలది. అదేమైనా తక్కువ వింతా? అది చాలక ఎవరో చివరి అంకెను మాత్రం పట్టుకొని, సొరకు పుట్టిన సంవత్సరం కూడా కట్టి, 2017లో లోకమంతా తిప్పారు.

మన భాషలో చెప్పాలంటే ఎస్టిమేటును తీసుకొచ్చి ఖర్చు పద్దులో రాసేశారన్నమాట!

అయిదో పేజీలో ఒక ఫోటో ఉంది. నీట మునిగిన రోడ్డు, కారు పక్కనే ఈదుతున్న సొర. మా అమ్మాయికి ప్రాణప్రదమైన బొమ్మ అది. బొమ్మను ఇచ్చి అది ఇంకా ఎక్కడెక్కడ ఉందో వెతకమంటే కంప్యూటరే వెతికి పెడుతుందని నాకు నేర్పింది తనే. వెతికితే ఆ రోడ్డు 2011లో తుపాను వచ్చినప్పుడు పోర్టోరికోలో ఉంది, 2017లో వరదలప్పుడు హ్యూస్టన్‌లో ఉంది. ఊరు మారింది గాని రోడ్డూ సొరా మారలేదు. అది థామస్ పెష్చాక్ అనే ఛాయాగ్రాహకుడు దక్షిణాఫ్రికా సముద్రంలో తీసిన ఫోటోలోని సొర. అక్కడ ఒక చిన్న పడవ వెనకాల వెళుతోంది. ఎవరో దాన్ని కత్తిరించి రోడ్డు మీద వదిలారు. అయితే ఒకటి చెప్పాలి. 2022 సెప్టెంబరులో ఫ్లోరిడాలో తుపాను వచ్చినప్పుడు ఫోర్ట్ మయర్స్‌లో ఒక ఇంటి వెనక వరదనీళ్ళలో సొరలాంటి పెద్ద చేప ఈదుతున్న వీడియో వచ్చింది. అందరూ ఇదీ దొంగదే అన్నారు. వార్తా సంస్థ వారు తీసినవాణ్ణి పట్టుకొని, తేదీ, చోటు సరిచూస్తే అది నిజమైన వీడియోనే! అది సొరేనా కాదా అన్న దగ్గర మాత్రం నిపుణులే తలో మాటా చెప్పారు. కాబట్టి అన్నిటినీ కొట్టిపారేయడం కూడా ఆడిట్ కాదు.

ఏడో పేజీలో సొరలు ఏటా వేలమందిని చంపుతాయని ఉంది. 1975లో 'జాస్' సినిమా చూసి సముద్రస్నానం మానేసినవాళ్ళలో మా తోడల్లుడు ఒకడు, ఆ అమ్మాయిని ఏమని తప్పుపట్టను? అమెరికాలో ఫ్లోరిడా సహజ చరిత్ర మ్యూజియం వారు ప్రపంచమంతటా జరిగే సొరకాట్లకు ఒక రిజిస్టరు నిర్వహిస్తున్నారు. ఒక్కొక్క సంఘటనకూ తేదీ, చోటు, మనిషి ఏం చేస్తుండగా జరిగిందీ ఉంటుంది. మనిషి తానుగా గెలికితే ఒక పద్దు, గెలకకుండానే కరిస్తే వేరే పద్దు. 2024లో గెలకకుండా కరిచినవి ప్రపంచం మొత్తం మీద 47. చనిపోయినవారు సాధారణంగా ఏడాదికి పదిమంది లోపే ఉంటున్నారు. ఆ రిజిస్టరు చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఈ సభలో పద్దులు రాసినవాళ్ళకే అర్థమవుతుంది.

మా మనవరాలు తెలివైనది. వెంటనే పక్షం మార్చింది. "అయితే మనమే ఏడాదికి పది కోట్ల సొరల్ని చంపుతున్నాం, అది రాస్తాను" అంది. మంచి ఉద్దేశం. కానీ ఎర్ర పెన్సిలుకు పక్షం ఉండకూడదు. అది 2013లో వెలువడిన ఒక అధ్యయనంలోని అంచనా. తక్కువలో తక్కువ 6 కోట్ల 30 లక్షల నుంచి ఎక్కువలో ఎక్కువ 27 కోట్ల 30 లక్షల దాకా ఉండవచ్చునని వాళ్ళే రాసుకున్నారు. "512ను కొట్టేసినవాళ్ళం, దీనికి కూడా అటూ ఇటూ రాయాలి కదమ్మా" అన్నాను. కాసేపు అలిగి, రాసింది.

ఇక తెలుగులో వెతికితే సరుకు తక్కువ. చేపల వివరాలకు ఫిష్‌బేస్ అని ఒకటి ఉంది. ఒక్కో చేపకు ఏ దేశంలో ఏ పేరో, ఆ సంగతి ఎవరు రాశారో కూడా చూపిస్తుంది. ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో ఐ.యు.సి.ఎన్. వారి ఎర్ర జాబితాలో చూడాలి. 2021లో వారు సరిచూసిన లెక్కల ప్రకారం సొరలు, టేకు చేపలు, వాటి దాయాదులు అన్నీ కలిపి మూడో వంతుకు పైగా అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. మన దేశపు సంగతులకు కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ఉంది. 1947లో పెట్టినది. విశాఖపట్నంలో దానికి కేంద్రం ఉంది. వారి పాత వ్యాసాలన్నీ నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఇంగ్లీషు కొంచెం గట్టిదే, తాతలు పక్కన కూర్చోవలసింది అక్కడే.

అయినా ఒక విషయం నెట్‌లో కాక రేవులో తేలింది. సొరలు గుడ్లు పెడతాయని ప్రాజెక్టులో రాసింది. కుంభాభిషేకం రేవుకు తీసుకెళ్ళాను. బాలింతలకు పాలు పడతాయని మన ఇళ్ళలో పాల సొర వండిపెడతారు కదా, అది అమ్ముతున్న ఆవిడను అడిగింది. ఆవిడ నవ్వి, "గుడ్లేంటి పాపా, కడుపు కోస్తే పిల్లలే ఉంటాయి. ఎన్నిసార్లు చూడలేదు" అంది. ఇంటికి వచ్చి చూస్తే రెండూ నిజమే. కొన్ని జాతులు గుడ్లు పెడతాయి, ఎక్కువ జాతులు పిల్లల్నే కంటాయి. పాల సొర పిల్లల్ని కనే రకం. ఆ చేపలావిడ మాటను కూడా తేదీ వేసి ప్రాజెక్టులో ఎక్కించాం. చూసినదే చెప్పింది, అంతకంటే ఏం కావాలి?

ఈ మధ్య అడిగినదానికల్లా మనిషిలా జవాబు చెప్పే యంత్రాలు ఫోన్లలోకి వచ్చాయి. దాన్నీ అడిగింది. చక్కటి తెలుగులో జవాబిచ్చి, ఆధారంగా ఒక వ్యాసం పేరు, పత్రిక, సంవత్సరం కూడా ఇచ్చింది. ఆ పత్రిక ఉంది. ఆ సంవత్సరం సంచికలూ ఉన్నాయి. ఆ వ్యాసం మాత్రం లేదు! ఉద్యోగంలో దొంగ వోచర్లు చాలా చూశాను గాని, ఇంత శుభ్రమైనది చూడలేదు. దాన్ని పూర్తిగా మానెయ్యమని నేను చెప్పను. వెతకవలసిన మాటలు అందిస్తుంది. సంతకం మాత్రం దానిది చెల్లదు.

చివరి పేజీకి వచ్చాం. అక్కడ ఒకే ఒక వాక్యం, రంగు పెన్సిళ్ళతో గళ్ళు కట్టి, పెద్ద అక్షరాలతో. "సొరచేపలకు కాన్సరు రాదు." "ఇది నిజమేనా తాతయ్యా?" అని అడిగింది. అప్పటిదాకా గడగడా మాట్లాడినవాణ్ణి, నాకు నోట మాట రాలేదు.

మీలో కొందరికి మా అక్కయ్య తెలుసు. 1997లో ఆవిడకు రొమ్ము కాన్సరు వచ్చింది. ఆపరేషన్ అయి ఇంజక్షన్లు మొదలుపెట్టారు. రెండో ఇంజక్షను తరువాత వాంతులతో మంచం పట్టింది, ఇక నా వల్ల కాదురా అంది. ఆ రోజుల్లోనే అమెరికాలో ఉన్న మా బంధువు ఒకాయన ఉత్తరం రాశాడు. సొరచేపలకు కాన్సరు రాదనీ, వాటికి ఎముకలుండవు గనుక ఆ మృదులాస్థి పొడి వాడితే తగ్గుతుందనీ, అదే పేరుతో 1992లో పుస్తకం కూడా వచ్చిందనీ. నేను జి.పి.ఎఫ్. నుంచి డబ్బు తీసి ఆ గొట్టాల మందు సీసాలు తెప్పించాను. "ఇవి వాడు అక్కయ్యా, ఆ ఇంజక్షన్లు తరువాత చూద్దాం" అన్నది నేనే. పదమూడు రూపాయల బస్సు టికెట్టుకు కూడా వోచరు అడిగినవాణ్ణి, ఆ ఉత్తరానికి ఏ ఆధారమూ అడగలేదు. అయిదు నెలలు వాడింది. 1998 వేసవిలో పోయింది. ఇంజక్షన్లు పూర్తిచేస్తే బతికేదని నేను అనలేను. డాక్టరు గారు కూడా అలా అనలేదు. అడగవలసిన ప్రశ్న మాత్రం నేను అడగలేదు.

ఆ రాత్రి మనవరాలితో కలిసి ఆ ప్రశ్న అడిగాను. ముదిరిన కాన్సరు ఉన్న 60 మందికి సొర మృదులాస్థి మాత్రమే ఇచ్చి చూసిన పరీక్ష ఫలితం 1998 నవంబరులో అచ్చయింది. ఒక్కరికీ గడ్డ తగ్గలేదు. అక్కయ్య పోయిన ఆరు నెలలకు వచ్చింది. 2000లో అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషను ఆ సరుకు కాన్సరును నయం చేస్తుందని ప్రచారం చేసుకోకుండా అమ్మకందార్లను కట్టడి చేసింది. 2004లో ఆస్ట్రాండర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు సొరల్లోనూ వాటి దాయాదుల్లోనూ కనిపించిన కణుతుల జాబితా వేస్తే నలభైకి పైగా తేలాయి, వాటిలో కాన్సర్లూ ఉన్నాయి. ఆ మృదులాస్థి నుంచి తీసిన మందును ఊపిరితిత్తుల కాన్సరు ఉన్న 379 మంది మీద జరిపిన పరీక్షలో చూస్తే, 2010లో అచ్చయిన లెక్క ప్రకారం ఆయుష్షు ఏమీ పెరగలేదు. ఇవన్నీ వెతికి తీయడానికి మా ఇద్దరికీ గంటన్నర పట్టింది. ఆ వాక్యం మాత్రం ఇవాళ్టికీ నెట్‌లో తిరుగుతూనే ఉంది, ఆ సీసాలు ఇవాళ్టికీ అమ్ముతూనే ఉన్నారు.

ఆ వాక్యాన్ని చింపెయ్యమంటాననుకున్నాను. తను ఒప్పుకోలేదు. రంగుల గళ్ళు అలాగే ఉంచి, దాని మీద అడ్డంగా ఎర్ర గీత గీసి, కింద ఈ సంవత్సరాలూ అంకెలూ వరసగా రాసింది. "అక్కడికి మీ అక్కయ్య సంగతి రాయనా?" అని అడిగింది. వద్దన్నాను. ఇవాళ నేనే చెప్పాను.

మార్కులా? పదికి ఏడు. రోడ్డు మీది సొర బొమ్మ అంటించిన పిల్లవాడికి తొమ్మిది వచ్చాయిట. వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. తరువాత ఆ టీచరు గారే కబురు చేసి, ఆ రిజిస్టరు ఎక్కడ చూడాలో రాసి ఇమ్మన్నారు.

మన సంఘ కార్యాలయంలో కంప్యూటరు ఉంది, నెట్ ఉంది. ప్రతి మంగళవారం సాయంత్రం నాలుగింటికి నేను అక్కడ కూర్చుంటాను. మీ మనవల ప్రాజెక్టులైనా సరే, ఫోనులో మీకు వచ్చిన మందుల కబుర్లైనా సరే, తీసుకురండి. మందుల కబుర్లైతే డబ్బు కట్టకముందే తీసుకురండి. లైఫ్ సర్టిఫికెట్ ఇంకా ఇవ్వనివారు ఆ పని కూడా అదే రోజు చూసుకోవచ్చునని కార్యదర్శి గారు చెప్పమన్నారు. సెలవు.