బొమ్మ బాగుంది, మాట సంగతేమిటి?



ఇంటికి కొత్త టెలివిజన్ వచ్చిందంటే వారం రోజులపాటు ఇల్లంతా సందడే. బొమ్మ అద్దంలా ఉందని పిల్లలు మురిసిపోతారు. ఆ సందడి సద్దుమణిగాక మెల్లిగా ఒక ఫిర్యాదు మొదలవుతుంది. "బొమ్మ బాగానే ఉందమ్మాయ్, వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో తెలియడం లేదు" అంటారు అత్తగారు. మనం సౌండు పెంచుతాం. పాట వచ్చేసరికి ఇల్లు అదిరిపోతుంది, మళ్ళీ తగ్గిస్తాం. నాలుగు రోజులు పోయాక ఆవిడ అడగడం మానేసి, ఊరికే బొమ్మ చూస్తూ కూర్చుంటారు. నలుగురి మధ్యా ఉండి ఒంటరి కావడమంటే అదే. అందుకే టి.వి.కి స్పీకర్లు కొనడం మగపిల్లల సరదా అని మనం వదిలేయకూడదు.

అసలు కారణం చూడండి. వెనకటి డబ్బా టి.వి.లో స్పీకరుకు బోలెడంత చోటుండేది. ఇప్పటి టి.వి. పలక మందాన ఉంటోంది. అందులో పట్టేవి చిన్న స్పీకర్లు. చాలావాటిలో అవి కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. మాట గోడకు తగిలి చుట్టూ తిరిగి మన దగ్గరకు వస్తుంది. సినిమా హాల్లో అయితే తెరకు సన్నటి చిల్లులుంటాయి, స్పీకర్లు తెర వెనకే పెడతారు. మాట నటి నోటినుంచే వచ్చినట్టుంటుంది.

ఇక చెవి సంగతి. వయసు మీరినకొద్దీ ముందుగా తగ్గేది సన్నని ధ్వనులు వినే శక్తి. స, శ, త, క వంటి హల్లులు పోల్చుకోవడానికి ఆ ధ్వనులే ఆధారం. అచ్చులు వినబడతాయి, హల్లులు జారిపోతాయి. "వినబడుతోంది గాని తెలియడం లేదు" అని పెద్దవాళ్ళు అంటే అది చాదస్తం కాదు, నిజమే. అటువంటి చెవికి దడదడమనే మోత తోడైతే మాట ఇంకా మునిగిపోతుంది. కాబట్టి మనం కొనవలసింది మోత కాదు, మాట.

డబ్బు ఖర్చు పెట్టేముందు ఖర్చులేని పని ఒకటి చేయండి. టి.వి. సెట్టింగుల్లో సౌండు అనేచోట 'క్లియర్ వాయిస్' అనో, 'డైలాగ్' అనో, 'న్యూస్' అనో ఉంటుందేమో చూసి, అది పెట్టి రెండు రోజులు వినండి. హాల్లో నున్నటి రాతి నేల, ఖాళీ గోడలు ఉంటే మాట మారుమోగుతుంది. కిటికీలకు మందపాటి కర్టెన్లు, నేలమీద ఒక జంబుఖానా వేస్తే తేడా మీకే తెలుస్తుంది.

అప్పటికీ చాలకపోతే సౌండ్ బార్ చూడండి. టి.వి. కింద అడ్డంగా పెట్టుకునే పొడుగాటి స్పీకరు అది. మామూలు రకాలు 3, 4 వేల రూపాయలనుంచే ఉన్నాయి. పెట్టెమీద 2.1 అని ఉంటే రెండు స్పీకర్లు, మోతకు ఒక వూఫర్ అని అర్థం. 3.1 అంటే మాటకోసం నడిమిని మరొకటి అదనం. 5.1 అంటే దానికి తోడు మనకు ఇరుపక్కలా, లేదా వెనకగా, ఇంకో రెండు. చిన్న హాలుకు చవకరకం 5.1 కంటే నికరమైన 3.1 మేలు. బ్లూటూత్, ఆడియో వైరు తప్ప వేరే దారి లేని చవక 5.1 సెట్టుకు టి.వి.నుంచి అందేది రెండు దారుల శబ్దమే. దాన్నే అయిదు చోట్ల పంచిపెడుతుంది.

వాట్ల అంకెలు చూసి మోసపోకండి. పి.ఎం.పి.ఓ. అని వేలల్లో రాసినది వట్టి ఆర్భాటం, ఆర్.ఎం.ఎస్. అంకె ఎంతో అడగండి. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి అది కాస్త తేడా, అంతే.

దుకాణంలో అబ్బాయి ఫైటింగు సీను పెట్టి వినిపిస్తాడు. మొహమాటపడకుండా వార్తలు పెట్టమనండి. తరువాత వెనక సంగీతం వస్తుండగా ఇద్దరు మెల్లిగా మాట్లాడుకునే ఘట్టం పెట్టమనండి. సౌండు తగ్గించి, ఎనిమిది అడుగుల దూరాన నిలబడి కళ్ళు మూసుకోండి. ప్రతి మాటా తెలిస్తే అది మంచి సెట్టు. వీలైతే పెద్దావిడను వెంట తీసుకెళ్ళండి. వినవలసిన చెవి ఆవిడది.

బయలుదేరేముందు టి.వి. వెనక హెచ్.డి.ఎం.ఐ. రంధ్రాల్లో ఒకదాని పక్కన ఎ.ఆర్.సి. అనే అక్షరాలున్నాయేమో చూసుకోండి. 2009 తరువాత వచ్చిన ఏర్పాటిది. అది రెండింటికీ ఉంటే ఒక్క కేబులుతో సరి. సాధారణంగా టి.వి. రిమోటుతోనే సౌండు తగ్గించి పెంచుకోవచ్చు. పెద్దవాళ్ళకు రెండు రిమోట్ల బెడద ఉండదు. అది లేకపోతే ఆప్టికల్ వైరు వాడండి. బ్లూటూత్‌లో ఒక్కోసారి పెదవి ముందు, మాట వెనక అవుతుంది.

తెచ్చాక బారును షోకేసు లోపల దాచకండి, ముందు బొమ్మలు పేర్చకండి. వూఫరును గోడ మూలకు నెట్టితే మోత పెరుగుతుంది, కాస్త ఇవతలికి జరపండి. రాత్రిళ్ళు దాన్ని బాగా తగ్గించండి. కింది వాటావాళ్ళు కూడా నిద్రపోవాలి కదా.

ఇన్ని చేసినా పెద్దవాళ్ళకు మాట తెలియకపోతే ఆ లోపం పెట్టెది కాకపోవచ్చు. ఇంకా ఖరీదైన సెట్టు కోసం చూడకుండా, ఒకసారి చెవి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి వినికిడి పరీక్ష చేయించండి. టి.వి.లో మాట తెలియని మనిషికి మన మాట కూడా సగమే తెలుస్తుండవచ్చు. ఆ సంగతి వాళ్ళు పైకి చెప్పుకోరు, మనమే గ్రహించాలి.