అట్టపెట్టె కెమెరా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా! పదో తరగతిలో బూట్ల అట్టపెట్టెతో మనం చేసిన కెమెరా గుర్తుందా? లోపల నల్లరంగు పూశాం. పలుచని రేకుకు సూదిమొనతో బెజ్జం పెట్టాం. మొదటిసారి ఫోటో కాగితం మొత్తం నల్లబడింది. మూత సందులోంచి వెలుతురు దూరింది. రెండోసారి బొమ్మ మసకగా వచ్చింది. "బెజ్జం అర మిల్లీమీటరు దాటకూడదర్రా" అని సైన్సు మాస్టారు కొత్త రేకు ఇచ్చారు. మూడోసారి ఎండలో రెండు నిమిషాలు తెరిచి ఉంచాం. కుదురుగా నిలబడని మనలో ఒక్కరమూ ఫోటోలో పడలేదు. కుర్చీలో కదలకుండా కూర్చున్న మాస్టారే పడ్డారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. మన దగ్గరున్న ఆయన ఫోటో అదొక్కటే. ఇన్నాళ్లూ నేను దాచుకున్నాను. ఈ రోజు బడికి ఇచ్చేస్తున్నాను. సెలవు.