రెండవ కంట్రోలర్ ఎవరి చేతిలో?



ప్లేస్టేషన్ 5 అను ఆటల యంత్రము 2021 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చింది. కొనివ్వాలా వద్దా అని తల్లిదండ్రులు ఎంతో ఆలోచిస్తారు. కొన్నాక బిడ్డ ఏ ఆట ఆడుచున్నాడో చూచేవారు ఎందరు?

ఐరోపాలో పెగీ అనే సంస్థ ఆటలకు 3, 7, 12, 16, 18 అని వయస్సు గుర్తులు ఇస్తుంది. 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో 5'కు ఇచ్చినది 18. ఏడవ తరగతి పిల్లవానికి దానిని మనమే కొనిచ్చి, తరువాత వానిని గద్దించుట న్యాయమా? వయస్సుకు తగని ఆటలు తెరుచుకోకుండా, రోజుకు ఇంత సమయమే ఆడునట్లు యంత్రములోనే కట్టడి చేయవచ్చు. చేయండి.

అయితే కట్టడి ఒక్కటే చాలదు. 2021లో వచ్చిన 'ఇట్ టేక్స్ టూ' అను ఆటను ఒక్కరే ఆడలేరు. విడిపోవాలనుకున్న భార్యాభర్తలు బొమ్మలుగా మారి, ఒకరికొకరు సాయపడితేనే ముందుకు సాగుతారు. దాని గుర్తు 12.

యంత్రముతో ఒక్క కంట్రోలరే వస్తుంది. తండ్రులారా, తల్లులారా, రెండవది కొని మీరు పట్టుకొనండి. ఓడిపోతే పోనివ్వండి, కలిసి నవ్వండి. మూసిన తలుపు వెనుక బిడ్డ చెప్పని మాట, ఆట మధ్యలో మీ ప్రక్కన కూర్చుండి చెప్పవచ్చును.