విస్తట్లోని లెక్క
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



రైల్వేలో పార్సెళ్ళ తూకం వ్రాసుకొనే మేము, ఇంట్లో అన్నం తూకం చూడలేదు. నాన్నగారికి మధుమేహమని తెలియగానే కాఫీలో చక్కెర మానిపించాము. అయినా వ్యాధి లొంగలేదు. డాక్టరుగారు చెప్పగా పిండిపదార్థాల లెక్క కట్టాము. చెంచాడు చక్కెరలో సుమారు 5 గ్రాములు. 300 గ్రాముల అన్నంలో 80కి పైనే! పొరుగు మహారాష్ట్రులు చపాతీ మేలన్నారు. 30 గ్రాముల గోధుమపిండితో చేసిన చపాతీలోనూ సుమారు 20 గ్రాములున్నవి. నాలుగు తింటే అన్నంతో సమానమే. కనుక ఏది తిన్నామన్నదే కాదు, ఎంత తిన్నామన్నదీ చూడాలి.

ఇప్పుడు అన్నం గిన్నెతో కొలిచి, ఆకుకూర ఎక్కువ వడ్డిస్తున్నాము. మందులు వాడేవారు మాత్రం డాక్టరు నడగక భోజనం తగ్గించరాదు.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదు, బెల్లాన్ని రద్దు చేయదు. అదీ లెక్కలోనిదే; చెంచాడు చాలును. సెలవు.