చేతి కొదిగిన కొయ్యకలము



మా పెదనాన్నగారు జీవితమంతయు చేవ్రాలు చేసినవారు. కీళ్లనొప్పిచే వ్రేళ్లు బిగిసి, సన్నని కలము వారి పట్టునుండి జారసాగెను. ఒకనాడు బ్యాంకులో వేలిముద్ర వేయవలసి వచ్చెను. ఇంటికి వచ్చి ఆ సిరా నెంతసేపు కడిగికొనిరో నాకు జ్ఞాపకము. ఆ రాత్రియే వారికొక కలమును తరిమెన పట్టదలచితిని.

ఇప్పుడు కొయ్యకలములకు వలయు సరంజామా పొట్లములుగా దొరకుచున్నది. ములికి, రీఫిల్లు, క్లిప్పు, ఇత్తడి గొట్టములు అందుండును, కొయ్య మనది. కొయ్యకు 7 మిల్లీమీటర్ల బెజ్జము వేసి, గొట్టమును జిగురుతో నిలిపి, కొనలు చదును చేసి, కడ్డీకి గ్రుచ్చి, ఇరుప్రక్కల బుష్షులతో బిగింతురు. బుష్షు కొలతకు ఆనవాలు. కొయ్యకొన దానితో సమము కావలెను. లేకున్న లోహము కలియుచోట మెట్టు ఏర్పడి వ్రేలికి తగులును. నడుమ మాత్రము మన యిష్టము. అయినను పొట్లముపై బొమ్మలో నున్నట్లే తిన్నగా చెక్కువారు పెక్కురు. అంతమాత్రమునకు తరిమెన యేల?

పాతకలమునకు గుడ్డపేలిక చుట్టి, పెదనాన్నగారి పట్టు కుదురువరకు పొరలు పెంచితిని. 13 మిల్లీమీటర్ల కడ కుదిరెను. కొయ్యకు అంకుడుకఱ్ఱ నెన్నుకొంటిని. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో బొమ్మలు పట్టునది దీనితోనే, తేలిక, మెత్తన. ఆ మెత్తదనమే నన్ను మోసగించినది. ములికి కొనయొద్ద గొట్టముపై కొయ్య ఒక మిల్లీమీటరైనను మిగులదు. అచ్చట ఉలి ఒక్కింత లోతుగా నాటుటతో ఇత్తడి తళుక్కుమనెను. ఆ ముక్క పొయ్యిలోనికి పోయెను.

రెండవమాఱు ఉలికి పదును పెట్టి, మాటిమాటికి తరిమెన నాపి వ్రేళ్లతో తడవి చూచుచు, పట్టుచోట లావుగా నుంచి, ములికివైపు మెల్లగా వాలు దించితిని. తిరుగుచున్న కొయ్యపై లక్కకడ్డీ నొత్తగా, రాపిడి వేడికి లక్క కరగి పఱచుకొనెను.

పెదనాన్నగారు పాత పంచాంగము అట్టపై మూడుమాఱులు చేవ్రాలు చేసిరి. మూడవది మునుపటిదే.

"బాగున్నదిరా అబ్బాయీ. బొటనవ్రేలికడ కొంచెము నొక్కున్న ఇంకను కుదురును" అనిరి.

తరిమెన గుండ్రమునే ఇచ్చును. నొక్కును లక్క పూయకమునుపే చేతితో అరగదీయవలెను. బిగించిన భాగములా, ఊడదీసిన కొయ్య పగులును. మూడవ ముక్కకు బరమా పట్టితిని.